మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోడానికి కుండంతా కెలకనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఆడవాళ్ళు ఏనాడో తేల్చేశారు. ఎందుకు చాలూ అంటే, ఆ కుండలోని మెతుకులన్నిటికీ ఒకే నీళ్ళు, ఒకే మంట కనక. ఇంత చక్కని సామెతా కంప్యూటరు ప్రోగ్రాముల దగ్గరికొచ్చేసరికి బొత్తిగా పనికిరాకుండా పోయింది. అక్కడ మెతుకు మెతుకుకీ వేరే పొయ్యి. లక్షల పంక్తుల ప్రోగ్రాములో అన్నీ మల్లెపువ్వుల్లా ఉడికి, ఏ మూలో ఒక్క పంక్తి పలుకుగా మిగిలిపోయిందనుకోండి. సరిగ్గా ఆ పలుకే పంటికింద పడుతుంది. అదీ మనం ఏరికోరి భోజనానికి పిలిచిన పెద్దమనిషి పంటికింద.

పోనీ ఒకసారి అన్నీ చూసుకుని హమ్మయ్య అనుకుందామా అంటే అదీ కుదరదు. ప్రోగ్రామనేది గృహప్రవేశం అయిపోయిన ఇల్లు కాదు. ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో గోడ పగలగొట్టి కిటికీ పెడుతూనే వుంటారు. వీధివైపు కిటికీ పెడితే పెరటివైపు తలుపు బిగుసుకుపోతుంది. పెళ్ళివంటలో అయిదుగురు వంటవాళ్ళున్నారనుకోండి. ఎవరికి వారు పులుసులో ఉప్పు వేశారు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కరి తప్పూ లేదు, అందరూ పాకశాస్త్రం ప్రకారమే వేశారు. విస్తళ్ళు వేశాక రుచి చూస్తే మాత్రం ఏం లాభం? ఒక్కొక్కరు వేసినప్పుడల్లా గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని చూసే మనిషి పొయ్యి పక్కనే ఒకడుండాలి.

ప్రోగ్రాముల లోకంలో ఆ మనిషి చేసే పనికే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అని పేరు పెట్టారు. గ్రేడీ బూచ్ అనే ఆయన 1991లో ఈ మాట వాడాడు. పేరు గంభీరంగా వుంది గానీ సంగతి ఇంతే. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా వెంటనే ప్రోగ్రామునంతా మళ్ళీ కూర్చి, పరీక్షలన్నీ మొదటినుంచీ మళ్ళీ పెట్టి, పాసయిందో తప్పిందో చెప్పాలి. రోజుకి వంద మార్పులొస్తే వందసార్లు. మనిషయితే మూడోసారికే 'ఇందాకే చూశాం కదండీ' అంటాడు. అందుకని ఆ పని యంత్రానికి అప్పగించారు. అమీర్‌పేటలో 'టెస్టింగ్ టూల్స్ నేర్పబడును' అనే బోర్డు చూసి రక్తపరీక్షల వ్యవహారం కాబోలనుకున్న మా పెదనాన్నగారిలాంటి వారికోసం ఇంత విడమర్చి చెప్పాను. తెలిసినవాళ్ళు క్షమించాలి.

ఇంతకీ నేను చెప్పబోయే కథ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు ప్రోగ్రాముది. డేటాబేసంటే ఏమీ లేదు, చిట్టా ఆవర్జాలన్నీ దాచుకునే ఇనప్పెట్టె. 1986లో కాలిఫోర్నియాలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ప్రొఫెసరు దీన్ని మొదలుపెట్టాడు. 1994లో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇక చాలనుకున్నారు. అక్కడే చదువుకుంటున్న ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని సంస్కరించి 1995లో లోకంమీదికి వదిలారు. 1996 నుంచి దాని అసలు పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. నోరు తిరగదు కనక తయారుచేసేవాళ్ళే పోస్ట్‌గ్రెస్ అంటారు, మనమూ అలాగే అనుకుందాం.

దీనికి యజమాని లేడు. ప్రోగ్రాము లోపలి రాతంతా బహిరంగం. ఎవరైనా చదవొచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు, 'ఇక్కడిలా మారిస్తే బాగుంటుంది' అని రాసి పంపొచ్చు. దీన్నే ఓపెన్ సోర్సు అంటారు. మంచిదే. కానీ ఇక్కడో చిక్కుంది. మొహం చూడని మనిషి ఏ దేశాన్నుంచో ఓ మార్పు రాసి పంపుతాడు. దాన్ని ఏ ధైర్యంతో కలుపుకుంటారు? రేపు ఆ ఇనప్పెట్టెలో ఎవరి జీతం లెక్కలో, ఎవరి ఆస్పత్రి కాగితాలో వుంటాయి. కలుపుకోకపోతే మంచివాడి మనసు నొచ్చుకుంటుంది, కలుపుకుంటే పెట్టె కాస్తా గుల్లవచ్చు. మనుషుల మధ్య ఇలాంటివి మొహమాటాలతో నడుస్తాయి. మొహమాటం లేని మధ్యవర్తి ఒకరు కావాలి.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళకి మొదటి మధ్యవర్తి ఆ ఇద్దరు కుర్రాళ్ళు రాసిపెట్టిన పరీక్షలే. తరవాత మార్క్ ఫోర్నియర్, థామస్ లాక్‌హార్ట్ అనేవాళ్ళు వాటిని తిరగరాశారు. 1997లో వచ్చిన 6.1 దగ్గర్నుంచీ ప్రతి విడుదలకీ పరీక్షలు తాజాగా వుంటున్నాయి. ఏర్పాటు చాలా సులువు. ఒక అరలో ప్రశ్నలు, రెండో అరలో రావలసిన జవాబులు, మూడో అరలో ఇప్పుడొచ్చిన జవాబులు. రెండో అరా మూడో అరా పక్కపక్కన పెట్టుకుని యంత్రం అక్షరం అక్షరం పోల్చి తేడాలుంటే ఓ కాగితం మీద రాసి పడేస్తుంది.

నేను కొన్నాళ్ళు ఓ చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. మూలం చేతిలో పట్టుకుని ఒకాయన పైకి చదువుతాడు. ఆయన్ని కాపీ హోల్డరు అంటారు. రెండో ఆయన ప్రూఫుమీద కళ్ళు పెట్టి వింటూ దిద్దుతాడు. సరిగ్గా ఇదే పని. కాకపోతే రాత్రి పదకొండు దాటాక కాపీ హోల్డరు గొంతు సన్నగిల్లుతుంది, దిద్దేవాడి తల వాలుతుంది, తెల్లారి పత్రికలో 'మంత్రిగారు' కాస్తా 'మంత్రగాడు' అయి కూర్చుంటాడు. యంత్రానికి కునుకు లేదు. అంతకంటే దానికి తెలివితేటలేం లేవు, మనం వున్నాయని భ్రమపడకూడదు.

తెలివిలేకపోవడం వల్ల వచ్చే తమాషాలూ వున్నాయి. కొన్ని కంప్యూటర్లు ఒక్కోసారి సున్నాని 'మైనస్ సున్నా' అని అచ్చువేస్తాయి. లెక్క తప్పలేదు పాపం, అది దాని యాస. అకారాది క్రమం కూడా అంతే, ఒక్కో దేశపు పద్ధతి ఒక్కో తీరు. గోదావరి ఒడ్డున ఒకలా, కరీంనగర్లో ఒకలా మాట్లాడినంత మాత్రాన ఎవరిది తప్పంటాం? అందుకని కొన్ని ప్రశ్నలకి రెండు మూడు సరైన జవాబులు రాసిపెట్టుకున్నారు. ఏ జవాబైనా ఒప్పే.

యంత్రాన్ని కాపలా పెట్టాలన్న ఆలోచన వీళ్ళొక్కళ్ళదే కాదు. నెట్‌స్కేప్ కంపెనీ 1998 మార్చి 31న తన బ్రౌజరు రాతనంతా బయటపెట్టి మొజిల్లా పేరుతో ఊరందరినీ రమ్మన్నప్పుడు, వాళ్ళ దగ్గర టిండర్‌బాక్స్ అనేదొకటి వుండేది. అంటే చెకుముకిరాయి పెట్టె. తెర మీద ఒక్కో కంప్యూటరుకి ఒక్కో నిలువు గడి. బాగుంటే పచ్చ, పరీక్ష తప్పితే నారింజ, అసలు కూర్పే కుదరకపోతే ఎరుపు. మొత్తం ప్రోగ్రామును వాళ్ళు చెట్టు అంటారు కనక, గడి ఎర్రబడితే 'చెట్టు తగలబడుతోంది' అని కేకలు. మంట ఆరేదాకా దాన్ని చూడ్డానికి ఓ షెరీఫు కూడా వుండేవాడు. చివరగా మార్పు కలిపినవాళ్ళ పేర్లు పక్కనే కనపడేవి. ఎవరు అంటించారో దాచుకునే వీల్లేదు.

ఈ పరువు బెంగలోంచే ఇంకొకటి పుట్టింది. 2004లో సన్ కంపెనీలో కోసుకే కవాగుచి అనే జపాను ఇంజనీరు వుండేవాడు. తన చేతిలో ప్రోగ్రాము తరచూ విరిగిపోతోందని, పక్కవాళ్ళు పట్టుకునేలోగా తానే పట్టుకోవాలని హడ్సన్ అనే చిన్న కాపలా ప్రోగ్రాము రాసుకున్నాడు. ఇంగ్లీషు దొరల ఇళ్ళల్లో బట్లరుకి వుండే తరహా పేరది. తరవాత సన్ కంపెనీ ఒరాకిల్ చేతుల్లోకి వెళ్ళడం, పేరు ఎవరిదనే తగవు రావడం, 2011లో తయారుచేసేవాళ్ళు జెంకిన్స్ అని మార్చుకోవడం జరిగాయి. అదీ బట్లరు పేరే. ఒకడు తన పరువుకోసం పెట్టుకున్న నౌకరు ఆఖరికి ప్రపంచంలో వేలాది ఆఫీసులకి నౌకరయ్యాడు.

సరే, మన పోస్ట్‌గ్రెస్ దగ్గరికొద్దాం. వాళ్ళ చిక్కు మరోరకం. ఈ ప్రోగ్రాము ఒక్క రకం కంప్యూటరు మీద నడిస్తే చాలదు. లినక్సు, విండోసు, మాకింటోషు, ఎవరూ పేరు వినని పాత జాతులు, అన్నిటిమీదా నడవాలి. అన్ని రకాలూ కొని ఒక హాల్లో పెట్టడానికి డబ్బెక్కడిది? యజమానే లేడాయె. 2004లో ఆండ్రూ డన్‌స్టన్ అనే ఆయన ఒక ఏర్పాటు చేశాడు. దాని పేరు బిల్డ్‌ఫారం. ఫారమంటే పశువుల దొడ్డీ, పొలమూను. ఎవరింట్లోనో, ఆఫీసు మూలో ఖాళీగా పడున్న కంప్యూటరుని ఈ దొడ్డికి తోలొచ్చు. ఎక్కడికీ పంపనక్కర్లేదు, వున్నచోటే వుంటుంది. అది అప్పుడప్పుడూ లేచి, తాజా రాతని తెచ్చుకుని, కూర్చి, పరీక్షలన్నీ పెట్టి, ఫలితాన్ని ఒక చోటికి పంపి మళ్ళీ పడుకుంటుంది. దొడ్డి అన్నాక పశువులుండాలి కదా! అందుకని చేరిన ప్రతి కంప్యూటరుకీ ఓ జంతువు పేరో, పక్షి పేరో పెడతారు.

నాకీ దొడ్డి మీద ఎంత మక్కువో చెప్పలేను. ఇందులో ప్రెయిరీడాగ్ అని ఓ పాత మాకింటోషు వుండేది. టామ్ లేన్ అని, పోస్ట్‌గ్రెస్ పెద్దల్లో పెద్దాయన పెంచుకున్నది. లోకమంతా కొత్త మోడళ్ళకి పోయాక కూడా ఏళ్ళ తరబడి అది నెమ్మదిగా పరీక్షలు నెమరేస్తూనే వుండేది. ఆయనదే ఇంకొకటి గౌర్. గౌర్ అంటే మరేమిటో కాదు, మన పాపికొండల అడవుల్లో తిరిగే అడవిదున్నే. పేరుకి తగ్గట్టు అది కాలం చెల్లిన హెచ్‌పీ జాతి యంత్రం. డ్రాంగో అని మరొకటి, విండోసు మీద నడిచేది. డ్రాంగో అంటే మన ఏట్రింత. పశువుల వీపుమీద కూర్చుని, గూటి దగ్గరికి గద్ద వచ్చినా లెక్కచెయ్యకుండా వెంటపడి తరిమే నల్లపిట్ట. కాపలాకి అంతకంటే మంచి పేరు ఏం దొరుకుతుంది? చిప్‌మంక్ పేరుతో అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కూడా ఒకటుండేది. చిప్‌మంక్ అంటే చారల ఉడత. వారధి కట్టేచోట ఉడత లేకపోతే మనవాళ్ళకి తృప్తిగా వుండదు.

ముసలి యంత్రాలు ఎందుకూ, దండగ కదా అంటారేమో. అక్కడే వుంది కిటుకు. ప్రోగ్రాములో రెండు పనులు ఒకదానితో ఒకటి పోటీపడి పరుగెడుతున్నాయనుకోండి. చురుకైన యంత్రంలో ఎప్పుడూ మొదటిదే గెలుస్తుంది, అంతా సవ్యంగా కనిపిస్తుంది. ముసలి యంత్రంలో అది ఆయాసపడుతూ ఆగితే రెండోది ముందొచ్చేస్తుంది. అప్పుడు బయటపడుతుంది, ఇన్నాళ్ళూ దాక్కున్న లోపం. చురుకైనవాళ్ళ కళ్ళకి కనపడనివి నెమ్మదిగా నడిచేవాళ్ళకి కనపడటం యంత్రాల్లోనూ వుందన్నమాట.

ఈ దొడ్డికి రాజ్యాంగం కూడా వుంది. ఫలానా రకం కంప్యూటరు మీద మా ప్రోగ్రాము నడుస్తుందని పోస్ట్‌గ్రెస్ వాళ్ళు హామీ ఇవ్వాలంటే, ఆ రకంమీద పరీక్షలు పాసయినట్టు ఈమధ్య రుజువుండాలి. ఆ రుజువు ఎక్కువగా దొడ్డిలోంచే వస్తుంది. మార్పు కలిపినవాడు కలిపి ముసుగుతన్ని పడుకోవడం మర్యాద కాదు. జంతువులు ఒక్కొక్కటే పచ్చగా తిరిగొచ్చేదాకా కనిపెట్టుకుని వుండాలి. ఏ మూలో ఒకటి ఎర్రబడితే తన మార్పేనా అని వెతుక్కోవాలి, కాకపోయినా వెతకాలి. కాలం ఎవర్నీ వదల్దు. 2023లో వచ్చిన 16వ పోస్ట్‌గ్రెస్ నుంచి ఆ అడవిదున్న జాతికి, హెచ్‌పీ యూనిక్సుకి, సెలవిచ్చేశారు. మరుసటి ఏడు ఐబీఎం వారి ఏఐఎక్స్‌కి కూడా.

అంతా బాగానే వుంది గానీ యంత్రపు కాపలాకి ఒక తెగులుంది. కొన్ని పరీక్షలు నిలకడ లేనివి. నిన్న పాసు, ఇవాళ ఫెయిలు, రేపు మళ్ళీ పాసు. 'నాన్నా పులి' కథ తెలుసుగా! నాలుగుసార్లు ఉత్తుత్తి కేకలు విన్నాక అయిదోసారి నాన్న నాగలి వదిలి రాడు. పోస్ట్‌గ్రెస్‌లోనే 'ర్యాండమ్' అని ఒక పరీక్ష వుండేది. యాదృచ్ఛికంగా వచ్చే అంకెల మీద పరీక్ష కనక ఎప్పుడో ఒకప్పుడు తప్పక తప్పుతుంది. చాలా ఏళ్ళపాటు అది తప్పినప్పుడు తెరమీద 'తప్పింది, పట్టించుకోలేదు' అని పడేది. దాపరికం లేని మాట. అయితే ఒక్కదానికి అలా రాసుకోవచ్చు గానీ, మనిషి మనసు మిగతావాటిక్కూడా లోలోపల అలాగే రాసుకోవడం మొదలెడుతుంది. నా మటుకు నేను యంత్రానికి కావలసింది ఓపిక, మనిషికి కావలసింది అనుమానం అనుకుంటాను. యంత్రాలకి ఓపిక దండిగా వుంది.

అనుమానం సంగతి 2024లో తేలింది.

ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము వుంది. పెద్ద పెద్ద ఫైళ్ళని అణిచి చిన్న మూట కట్టడం దాని పని, హోల్డాలులో పరుపు చుట్టినట్టు. ఫిన్లండులో లాసే కాలిన్ అనే ఆయన జీతం బత్తెం లేకుండా, ఇంచుమించు ఒంటిచేత్తో ఏళ్ళ తరబడి నడుపుకొచ్చాడు. లినక్సు కంప్యూటర్లన్నిట్లోనూ వుంటుంది, ఎవరికీ దాని పేరే తెలియదు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికొచ్చారు. మంచి మంచి మార్పులే పంపారు. 2022లో మరికొన్ని కొత్త పేర్లతో ఉత్తరాలొచ్చాయి. పని ఇంత ఆలస్యమైతే ఎలాగండీ, ఇంకొకరికి అధికారం ఇవ్వరాదా అని. అలసిన మనిషి, సాయానికొచ్చినవాడు ఎదురుగా వున్నాడు. ఇచ్చాడు. తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

మూటలు విప్పే ప్రోగ్రాముకి పరీక్ష పెట్టాలంటే మంచి మూటలే కాదు, చెడిపోయిన మూటలూ కావాలి. నెయ్యి కల్తీని పట్టేవాడు కల్తీ నెయ్యి కూడా ఒక సీసాలో వుంచుకోవాలి కదా! ఆ సీసా మూత తీసి రుచి చూసేదెవరు? జియా టాన్ సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు. పరీక్షకోసమని చేర్చిన ఫైళ్ళలో, చెడిపోయిన మూటలా కనపడేదాన్లో, దొంగసరుకు దాచాడు. దాన్ని బయటికి తీసే రాత అందరూ చదివే మూలప్రతిలో లేదు, విడుదల చేసిన కట్టలో మాత్రమే వుంది. ప్రెస్సు భాషలో చెప్పాలంటే, ప్రూఫు దిద్దింది ఒకటి, అచ్చుకెళ్ళిన ఫారం ఇంకొకటి. 2024 ఫిబ్రవరి 24న 5.6.0 పేరుతో అది విడుదలయింది.

అదేం చేస్తుందంటే, దూరాన్నుంచి కంప్యూటర్లోకి రావడానికి ఎస్‌ఎస్‌హెచ్ అనే తలుపొకటుంటుంది. డెబియన్, ఫెడోరా వంటి లినక్సుల్లో ఆ తలుపు అప్పట్లో ఎక్స్‌జెడ్ సామాను కూడా కొంత మోసేది. దొంగరాత ఆ తలుపులో కూర్చుని, ఒకానొక రహస్య తాళంచెవి వున్నవాడు వస్తే ఇంకేమీ అడక్కుండా లోపలికి వదులుతుంది. అచ్చంగా దొడ్డిదారి. ఎక్స్‌జెడ్ పరీక్షలన్నీ మాత్రం పచ్చగానే వున్నాయి. మూట కడుతోందా? కడుతోంది. విప్పుతోందా? విప్పుతోంది. నీలో దొంగ వున్నాడా అన్నది ప్రశ్నపత్రంలో లేదు.

పోస్ట్‌గ్రెస్ పెద్దల్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని ఒకాయన వున్నాడు. ఎవరైనా తమ మార్పుని పంపేముందే పరీక్షలు పెట్టి చూసుకునే ఏర్పాటు 2021 చివర్లో పోస్ట్‌గ్రెస్‌లోకి తెచ్చింది ఆయనే. 2024 మార్చిలో తన కంప్యూటరు మీద ఏవో సూక్ష్మమైన వేగాలు కొలుస్తున్నాడు. అలా కొలిచేటప్పుడు ఇంట్లో చీమ కూడా కదలకూడదు. కానీ తలుపు దగ్గర అలికిడి. ఎవరో తప్పుడు పేర్లతో తలుపు తడుతున్నారు, అది మామూలే. పేరు తప్పయితే ఠక్కున పొమ్మనాలి. పొమ్మనడానికి తలుపు ఇంత ఆయాసపడుతోందేమిటి? కొలిచాడు. ఇదివరకు 0.299 సెకను పట్టే పని ఇప్పుడు 0.807 సెకను పడుతోంది. అర సెకను! మనమయితే ఫ్యానువైపు చూసి ఊరుకునేవాళ్ళం.

అప్పుడు ఆయనకి ఇంకోటి గుర్తొచ్చింది. వాల్‌గ్రిండ్ అనే పరీక్షకుడొకడున్నాడు. ప్రోగ్రాము తనది కాని జాగాలో చెయ్యి పెడితే వాడు ఫిర్యాదు చేస్తాడు. కొన్ని వారాల క్రితం, కంప్యూటర్లో సామాను కొత్తది వేశాక, పోస్ట్‌గ్రెస్ యంత్రపరీక్షల్లో వాల్‌గ్రిండ్ ఏదో వింత ఫిర్యాదు చేసింది. తన ప్రోగ్రాముకి సంబంధించింది కాదు, పట్టించుకోకపోతే అడిగేవాడు లేడు. కానీ అది ఆయన మనసులో నలుసులా వుండిపోయింది. ఆ నలుసునీ ఈ అర సెకనునీ పక్కపక్కన పెట్టి చూశాడు. నిజానికి ఆ ఫిర్యాదుల గొడవకి దొంగ కూడా కంగారుపడ్డాడు. మార్చి 9న 5.6.1 విడుదల చేసి, ఆ పరీక్ష ఫైళ్ళనే మార్చి, నోరు మూయించబోయాడు.

మార్చి 29న, గుడ్ ఫ్రైడే నాడు, ఫ్రాయిండ్ దొంగసరుకు సంగతంతా లోకానికి రాసి పంపాడు. ప్రమాదానికి పదికి పది మార్కులు వేశారు. అప్పటికి అది డెబియన్, ఫెడోరాల్లో ముందుగా రుచిచూసే ప్రతుల్లోకే చేరింది, జనం వాడే స్థిరమైన ప్రతుల్లోకి ఇంకా పోలేదు. చేరివుంటే ఎన్ని ఇనప్పెట్టెల తలుపులు ఎవరి తాళంచెవికి తెరుచుకునేవో లెక్క కట్టడానికి నాకు మనసొప్పదు.

జియా టాన్ ఎవరో, ఒకడో పదిమందో, నేటికీ తేలలేదు. పంపిన మార్పులన్నీ మిగిలాయి, మనిషి లేడు. ఆ మార్పుల్లో ఏది సాయమో ఏది మోసమో లాసే కాలిన్ ఒక్కొక్కటే కూర్చుని చూసుకున్నాడు. దొంగసరుకు ఏరేసి, 5.6.2ని మే 29న తన చేతిమీదుగా విడుదల చేశాడు.